గంట కొట్టి వచ్చే అల

నెలనెలా వేసుకున్న చీటీ డబ్బు
ఈసారి ఎవరి పాటా కాదన్నాం.
పరుపు వద్దు, మిక్సీ వద్దు,
రుమియాతి కొడుకు ఫీజు వచ్చే నెల చూద్దాం.
ఈ డబ్బుని నీళ్ళలో పోద్దామని,
అక్షరాలా నీళ్ళలోనే పోద్దామని
నలుగురం తీర్మానించుకున్నాం.

కుదుస్‌లో చీకటితోనే వ్యానెక్కాం.
డ్రైవరు గాలి పీల్చి
"సిగరెట్ ఫ్యాక్టరీ వాళ్ళా?" అన్నాడు.
రోజుకి మూడు వేలు చుట్టే చేతులకి
లవంగం వాసన పుట్టుమచ్చ లాంటిది.
పిల్లలకి ముద్దలు కలిపినా అదే,
నమాజుకి ముందు మోచేతుల దాకా కడిగినా అదే.

సెమరాంగ్‌లో గేటు దగ్గర బ్యాగులు విప్పించారు.
బయటి తిండి లోపలికి రాకూడదట.
ఖోతిమా ఆరు అరటాకు పొట్లాల్ని
చీరగుడ్డలో చుట్టి కడుపుకి కట్టుకుంది.
"ఏడో నెల బాబూ" అంది, యాభై రెండేళ్ళ మనిషి.
గార్డు కుర్రాడు చెవుల దాకా ఎర్రబడి
నేల చూస్తూ దారిచ్చాడు.
ఆ పూటంతా ఆమె బిడ్డని
మేం పంచుకు తిన్నాం.

ఐదంతస్తుల మెట్లెక్కాక
పసుపుపచ్చ గొట్టం నోరు తెరుచుకునుంది.
"చేతులు గుండె మీద, కాళ్ళు కత్తెరలా" అన్నాడు అక్కడి పిల్లాడు.
చుట్టిన సిగరెట్ల చివర్లు కత్తిరించడమే
నా పని.
కత్తెర గురించి నాకా, నాయనా!
అనబోయేలోగా తోసేశాడు.
చీకటి, నీళ్ళు, మలుపు, మళ్ళీ మలుపు,
నాది కాదనుకున్న గొంతొకటి
నాకంటే ముందు కిందికి చేరింది.
నేనరిచింది దేవుడి పేరు కాదని,
మా సూపర్‌వైజరు పేరని
ఖోతిమా ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

సుపార్తి మాత్రం ఒడ్డునే ఉండిపోయింది.
అలల కొలను పక్కన బోర్డు చదివింది, మళ్ళీ చదివింది.
గంటకొకసారి అలలు. పది నిమిషాలు.
ముందుగా సైరన్ మోగును.
"చెప్పి వస్తుందా!" అంది.

తను చుడుతుంది, నేను కత్తిరిస్తాను.
పదకొండేళ్ళుగా ఎదురెదురు పీటలు.
అయినా ఆ మధ్యాహ్నమే తెలిసింది నాకు,
దమక్ తీరాన వాళ్ళ ఊరొకటి ఉండేదని.
సముద్రం లోపలికొచ్చిన ప్రతిసారీ
మట్టి పోసి ఇంటి నేల ఎత్తు పెంచేవారట.
మూడోసారికి తలుపు కిటికీ అంతయింది.
వాళ్ళమ్మ సొంతింట్లోకి వంగి వెళ్ళేది,
దొంగలాగా.
నాలుగోసారి మట్టి కొనలేదు.

"దీన్ని ఎక్కడ ఆపుతారు?" అని అడిగింది
విజిల్ మెళ్ళో వేసుకున్న అబ్బాయిని.
అతను ఆకుపచ్చ తలుపున్న గది చూపించాడు.
"లోపల స్విచ్చి ఉంటుందండీ."
చాలాసేపు ఆ తలుపునే చూసింది.

రెండింటికి సైరన్ మోగింది.
కట్టుబట్టలతోనే దిగింది.
పిల్లలు కేరింతలు కొడుతున్నారు,
రబ్బరు టైర్లు గుద్దుకుంటున్నాయి,
అల మోకాలికి, నడుముకి, రొమ్ముకి వచ్చింది.
తను కదల్లేదు. నవ్వలేదు కూడా.
పది నిమిషాలకి నీళ్ళు చల్లబడ్డ గంజిలా
తొణక్కుండా నిలబడ్డాయి.
వెనక్కి తిరిగి చూసుకుంది.
నేల ఎక్కడున్నది అక్కడే ఉంది.

"ఇంకో గంట ఉందాం" అంది.
వ్యానువాడు ఫోను మీద ఫోను చేస్తున్నాడు.
ఉన్నాం.
తర్వాత ఇంకో గంట కూడా.

తిరుగుదారిలో అందరి వేళ్ళూ
నానిన శనగల్లా ముడుచుకుపోయాయి.
రుమియాతి తనవి వాసన చూసుకుంది,
తర్వాత నావి.
"బ్లీచింగ్ పౌడరు" అంది. కాసేపాగి,
"దాని కింద లవంగం."

దమక్ దగ్గర పెద్ద రోడ్డు మీదికి
పోటు నీళ్ళొచ్చి ఉన్నాయి.
ఏ సైరనూ లేదు.
లారీలన్నీ లైట్లేసుకుని
గేదెల్లా మెల్లగా నడుస్తున్నాయి.
వ్యాను కింద నీళ్ళు చప్పుడు చేస్తుంటే
ఎవ్వరం మాట్లాడలేదు.
నా భుజం మీద తల పెట్టి నిద్రపోతున్న సుపార్తి
కళ్ళు తెరవకుండానే
రెండు కాళ్ళూ సీటు మీదికి తీసుకుంది.